వాగులో కొలువు

మొన్న మంగళవారం పొద్దున కాఫీ కలుపుతుండగా మస్కట్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, మావయ్యగారు పోయారు. నిద్రలోనే" అంది. "నిద్రలోనా? ఆయనకి నిద్ర ఎప్పుడు అలవాటైంది?" అని నోటిదాకా వచ్చి ఆగింది. ఏడుస్తున్న పిల్లతో అనాల్సిన మాట కాదు.  మా వియ్యంకుడు గారు ఒకచోట కుదురుగా కూచోగా నేను చూసి ఎరగను. అలాంటి మనిషి కదలకుండా పడుకుని ఉన్నారనీ, లేపినా లేవలేదనీ చెబితే, చెప్పింది కన్నకూతురైనా సరే, నమ్మడం కష్టంగా ఉంది.

ఫోన్ పెట్టేశాక నేనూ కూచోలేకపోయాను. కాఫీ చల్లారింది, వెచ్చబెట్టాను, మళ్ళీ మరిచిపోయాను. పక్కింటావిడ పరామర్శకొచ్చి "కూచోండి పిన్నిగారూ" అంటుంటే ఆవిడ చుట్టూ తిరిగాను. ఆయన జబ్బు నాకు అంటుకున్నట్టుంది. ఈ నాలుగు మాటలు కూడా లేచి తిరిగి, మళ్ళీ వచ్చి రాస్తున్నాను. అక్కడక్కడా అతుకులు కనబడితే పాఠకులు సర్దుకోవాలి.

ఆయన పేరు రాయను. మా వైపు వియ్యపురాలు వియ్యంకుణ్ణి పేరు పెట్టి అనదు. ఇన్నేళ్ళూ ఆయన నాకు అన్నయ్యగారు, నేను ఆయనకి చెల్లెమ్మగారు. ఇప్పుడు కొత్తగా పేరు పెట్టి మొదలుపెడితే ఆయనే లేచి వచ్చి తప్పు దిద్దుతారు. చరిత్ర లెక్చరర్లకి అదో అలవాటు.

మన సమాజంలో ఈజిప్టు ఫరోకి దగ్గరగా వచ్చే పదవి ఒక్కటే ఉంది, పెళ్ళికొడుకు తండ్రి. ఆయన అలిగితే నది ఆగుతుంది, నవ్వితే పంట పండుతుంది. మా అమ్మాయి పెళ్ళికి మేమంతా ఆ హడలులోనే ఉన్నాం. మా తమ్ముడు వెండి గ్లాసులో కాఫీ పట్టుకుని విడిదింటికి వెళ్ళాడు. ఈయన తాగరు. కూచుంటే కదా తాగడానికి! వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ పందిరి వేసేవాళ్ళతో మాట్లాడుతున్నారు. ఆయన ముందు, కాఫీ వెనక. చివరికి మా తమ్ముడు "బావగారూ, మర్యాద చల్లారిపోతోంది" అని మొత్తుకున్నాడు. ఆయన ఆగి గ్లాసు అందుకుని, పందిరి రాట మీద ఉన్నవాణ్ణి కిందికి పిలిచి అతనికిచ్చారు. "పొద్దుటినుంచీ నిలబడింది నేను కాదు, ఇతను" అన్నారు.

ఫరో పదవి ఖాళీగా ఉందని నాకు ఆ రోజే అర్థమైంది. ఖాళీ పదవిలోకి నేను మెల్లిగా ఎక్కాను. మా అల్లుడు మర్యాదస్థుడు కాబట్టి పైకి అనడు.

ఎనభైల చివర్లో అమ్మాయి రెండో కాన్పుకని మస్కట్ వెళ్ళినదాన్ని, చంటివాడి వంకతో ఏళ్ళ తరబడి ఉండిపోయాను. అప్పటికి కొద్దికాలం ముందే ఆయనా వచ్చారు. కాలేజీలో రిటైరయ్యారు, భార్య పోయింది. కొడుకు వెళ్ళి తీసుకొచ్చాడు. వాదీ కబీర్ అనే పేటలో, మూడో అంతస్తులో ఫ్లాటు. ముందువైపు గ్యారేజీలు, స్కూలు బస్సులు. వెనక బాల్కనీలోంచి చూస్తే కొండల మధ్య నుంచి వచ్చే ఎండిపోయిన వాగు. ఇసుక, గులకరాళ్ళు, అక్కడక్కడా ముళ్ళ తుప్పలు. చుక్క నీరు ఉండేది కాదు. అరబ్బీలో 'వాదీ కబీర్' అంటేనే పెద్ద వాగట. మేమిద్దరం డిగ్రీలు చదివినవాళ్ళం. చిరునామా మటుకు చదవలేదు.

అల్లుడు ఆఫీసుకి, పెద్దపిల్ల బడికి, మా అమ్మాయి చంటివాడి పనుల్లో. ఆయన హాల్లో నడిచేవారు. తలుపు నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి తలుపుకి. నడుస్తూ మాట్లాడేవారు, మాట్లాడేది ఒకటే విషయం. ప్రాచీన ఈజిప్టులో రాజుకి అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎక్కడిదాకా సాగింది. ఈజిప్టు ఆయన చూడనేలేదు. "ఇక్కణ్ణుంచి దగ్గరే కదా, ఒకసారి వెళ్ళి చూసి రండి" అంటే, "చూస్తే కనబడేది ఇప్పటి ఈజిప్టు. నాక్కావలసింది వెళ్ళిపోయింది చెల్లెమ్మగారూ" అనేవారు.

"ఫరో అంటే మనిషి పేరు కాదు. 'పెద్ద ఇల్లు' అని. ముందు ఇంటిని అనేవారు, తరవాత ఆ ఇంట్లో ఉన్నవాడికి అంటుకుంది" అన్నారొకసారి.

"దానికి ఈజిప్టుదాకా ఎందుకండీ? మా చిన్నప్పుడు జమీందారు గారిని 'దివాణం' అనలేదూ? దివాణం భోంచేశారా, దివాణానికి జలుబు తగ్గిందా అని అడిగేవాళ్ళం."

ఆయన నడక ఆగిపోయింది. నా మాటకి ఆయన ఆగడం అదే మొదలు. "ఇది రాసిపెట్టుకోవాలి" అన్నారు. రాయలేదు. రాయాలంటే కూచోవాలి.

నాకు ఆ రాజుల మీద గౌరవం ఉండేది కాదు. బతికినంతకాలం జనం చేత రాళ్ళు మోయించి, చచ్చాక పడుకోవడానికి కొండంత గోరీ కట్టించుకున్నవాళ్ళ గొడవ మనకెందుకనేదాన్ని. ఆయన కాదనేవారు కాదు. "భూమి వాడిదే, గింజ వాడిదే, మనిషి ఒంట్లో సత్తువ కూడా వాడిదే. ఎవరి పొలంలో ఎంత పండుతుందో వరద మట్టం చూసి ముందే లెక్కగట్టి పన్ను వేసేవాళ్ళు. అంతా నిజమే. కానీ బదులుగా వాడి నెత్తిన ఒక బరువు పెట్టారు. పొద్దు వేళకి పొడవాలి, నది వేళకి పొంగాలి, బలమున్నవాడు లేనివాణ్ణి తొక్కకూడదు. ఇదంతా కలిపి వాళ్ళకి ఒకే మాట ఉంది, మన ధర్మం లాంటిది. దాన్ని నిలబెట్టడం రాజు పని. నదిని పొంగించడం ఎవడి వల్లా కాదు. పొంగకపోతే ఎవణ్ణి అడగాలో జనానికి తెలియాలి. అందుకు రాజు."

ఒక ఎండాకాలం మా మేడ మీది ట్యాంకులు అడుగంటాయి. అక్కడ నీళ్ళు లారీలో వస్తాయి. ఆ లారీతో వచ్చేవాడు జగిత్యాల వైపు మనిషి, ఘాలా అనే పేటలో అతని రూమ్. ఆలస్యంగా వచ్చాడని బిల్డింగంతా బాల్కనీల్లోంచి అతని మీద పడింది. మా వియ్యంకుడు గారు మటుకు కిందికి దిగి, పైపు ఎక్కిస్తున్నంతసేపూ అతని పక్కన అటూ ఇటూ తిరుగుతూ ఈజిప్టు చెప్పారు.

"సారూ, మీ రాజు పొద్దుగాల లేసి ఏం డ్యూటీ జేస్తడు?" అని అడిగాడు అతను.

"పూజ. దేశంలో ప్రతి గుళ్ళోనూ ఆయనే చెయ్యాలి. ఒక్కడే అన్నిచోట్లా ఉండలేడు కాబట్టి పూజార్లు ఆయన బదులు చేస్తారు. గోడ మీద బొమ్మ మాత్రం ఎప్పుడూ రాజుదే."

"అంటె పని మంది జేసుడు, ఫోటోల సేఠు నిలవడుడు. మా కంపెనీల గూడ గదే నడుస్తది."

"ఆగు, ఆగు. నీళ్ళు రాకపోతే అక్కడ జనం రాజునే తప్పుపడతారు. అది మీ కంపెనీలో ఉందా?"

అతను పైపు వదిలేసి మరీ నవ్వాడు. "గదొక్కటే లేదు సారూ. నీళ్ళు రాకుంటె తిట్లన్ని నాకే. పొద్దటిసంది వింటనే ఉన్నరు గద. గట్లయితె ఇగ నేనే రాజును!"

ఆయన పైకి వచ్చి ఆ మాట ప్రతి ఫ్లాటు తలుపూ కొట్టి చెప్పారు, తిట్టినవాళ్ళకి మరీ ముఖ్యంగా. ఆయన కోపం చూపించే పద్ధతి అంతే.

శుక్రవారం అక్కడ సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బిల్డింగులోని తెలుగు పిల్లలు ఆయన చుట్టూ చేరడం ఎలా మొదలైందో నాకు గుర్తులేదు. మొదట్లో మా హాల్లోనే. కానీ మా అల్లుడు వారమంతా ఎండలో సైట్ల మీద తిరిగే ఇంజినీరు, శుక్రవారం నిద్ర అతని జన్మహక్కు. అందుకని కొలువు వాగులోకి మారింది. వెనక మెట్లు దిగి, కాస్త గట్టు దిగితే వాగే. పొద్దు వాలేసరికి కొండనీడ పడి ఇసుక చల్లబడేది.

కొలువు అన్నది ఊరికే కాదు. ఆయన పాఠం చెప్పేవారు కాదు, రాజ్యం నడిపించేవారు. వారానికొకరు ఫరో. ప్లాస్టిక్ కుర్చీ సింహాసనం, పాలపొడి డబ్బాకి అట్ట చుట్టి కిరీటం. ఫరో ఒక చేతిలో కొంకి కర్ర, ఒక చేతిలో కొరడా పట్టుకోవాలట. కాపరిలా దగ్గరికి లాగడానికొకటి, దారిలో పెట్టడానికొకటి. మా అల్లుడి గొడుగూ, నేను ఈగలు కొట్టే బద్దా ఆ పదవులకి ఎక్కాయి. ఆయన మాత్రం ఎప్పుడూ మంత్రే. ఫరో ఆజ్ఞ ఇస్తే అందరూ చెయ్యాలి, మంత్రితో సహా. మంత్రి ఎదురు చెప్పకూడదు. బదులుగా ఫరో వచ్చిన ప్రతి ఫిర్యాదూ చివరిదాకా వినాలి. అందరూ చెప్పుకున్నాకే తను మంచినీళ్ళు తాగాలి.

"ఆ నీళ్ళ నియమం ఈజిప్టులో ఉందా అన్నయ్యగారూ?" అని అడిగాను.

"లేదు. ఉండాల్సింది" అన్నారు.

"లెక్కలు చెప్పరాదూ, పరీక్షల్లో అక్కరకొస్తాయి" అనేదాన్ని. "లెక్కలు బళ్ళో చెబుతారు. ఒక్కరోజు అధికారం చేతికొస్తే ఏం చెయ్యాలో ఏ బళ్ళో చెబుతున్నారు?" అనేవారు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగినదాన్ని, నాకు తగలాల్సిన చోటే తగిలింది.

మా మనవరాలి వంతు రావడంతో గొడవైంది. అప్పుడు దానికి పదేళ్ళు. ఎదురు ఫ్లాటు విశాఖపట్నం వాళ్ళబ్బాయి "ఆడపిల్ల ఫరో ఏంటి తాతగారూ? క్వీన్ అవ్వమనండి" అన్నాడు. ఆయన వెంటనే ఒక రాణి కథ అందుకున్నారు. మొగుడు పోయాక పసివాడి తరఫున పాలన మొదలుపెట్టి, ఆనక తనే రాజునని ప్రకటించుకుందట. రాజుకి ఉండాల్సిన పెట్టుడు గడ్డం పెట్టుకుని మరీ శిల్పాలు చెక్కించుకుందట. సాంబ్రాణి కోసం ఎర్ర సముద్రం మీద ఓడలు పంపిందట. ఇరవై ఏళ్ళు దేశం చల్లగా ఉంది. ఆమె పోయాక తరవాతి రాజు ఆమె బొమ్మలు ఉలితో చెరిపించేశాడు.

"ఎందుకు చెరిపించాడు తాతయ్యా?" అంది మనవరాలు.

"అదే ఇంకా తెలియట్లేదమ్మా. చెరిపినవాళ్ళు కారణం రాయరు."

అది చుబుకం తడుముకుని, "నాకూ గడ్డం కావాలి" అంది.

ఆ గడ్డం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు మరుసటి శుక్రవారం సాయంత్రం తెలిసింది. కింది అంతస్తులో పేరంటం ఉంది. తల దువ్వుకుని చూద్దును కదా, బీరువాలో నా సవరం లేదు. నల్లటి, మంచి వెంట్రుకల సవరం, రాజమండ్రిలో అడిగి చేయించుకున్నది. బాల్కనీలోంచి చూస్తే వాగులో సింహాసనం మీద మా మనవరాలు, గడ్డం కింద నా జుట్టు వేలాడుతోంది.

చలికాలం చివరి రోజులు. మా నెత్తిన ఆకాశం నీలంగా ఉంది. ఎగువన కొండల వెనక మటుకు నల్లగా మూసుకొచ్చింది. నేను దిగి వెళ్ళేసరికి పిల్లలు దాని గురించే అడుగుతున్నారు. ఆయన నడుస్తూ చెబుతున్నారు. "అక్కడ కురిసిన వాన ఇక్కడికి రావాలంటే రేపు సాయంత్రమవుతుంది. మా కృష్ణలో వరదొస్తే రేవులో ఒక్కో మెట్టూ మునగడం చూసేవాళ్ళం. నైలు నదీ అంతే, మెట్టు మెట్టుగా కొలిచేవారు. వరదెప్పుడూ చెప్పే వస్తుంది." నాదీ గోదావరి పక్క ఊరే. నాకూ సబబుగానే తోచింది. పెద్ద నదుల పక్కన పుట్టినవాళ్ళకి నీళ్ళంటే అదో ధీమా.

"ఏమే, నా సవరం ఇలా తే" అన్నాను.

"ఫిర్యాదులకి వరుసలో రావాలి ముసలమ్మా" అంది ఫరో.

"ముసలమ్మ నీ మొహం! పేరంటానికి వేళవుతోంది."

"రాజుగారితో అలా మాట్లాడకూడదు చెల్లెమ్మగారూ" అన్నారు మంత్రి. ఆయన కళ్ళలో నవ్వు. "దణ్ణం పెట్టి విన్నవించుకోండి."

సొంత జుట్టు కోసం సొంత మనవరాలికి దణ్ణం పెట్టడానికి నేను చేతులు ఎత్తుతున్నాను. ఆ పిల్ల నా వైపు చూడటం లేదు. నా తల మీదుగా దూరంగా చూస్తోంది. ఎగువన రోడ్డు వాగుని దాటే చోట కార్లు ఆగిపోయి ఉన్నాయి. ఈ గట్టున కొన్ని, ఆ గట్టున కొన్ని. మనుషులు దిగి నిలబడి, అందరూ కొండల వైపే చూస్తున్నారు. నాకు కనబడింది గానీ ఏమీ అనిపించలేదు. మస్కట్‌లో పుట్టి పెరిగిన పిల్ల అది. దానికి తెలుసు.

కుర్చీలోంచి లేచి నిలబడింది. "అందరూ గట్టెక్కండి. ఇది ఆజ్ఞ" అంది.

"ఇంకా ఫిర్యాదులు కాలేదు కదా మహాప్రభూ" అన్నారు ఆయన.

"మంత్రి ఎదురు చెప్పకూడదు!" అని అరిచింది. ఆ అరుపులో ఆట లేదు.

ఆయన ఆ పిల్ల మొహంలోకి ఒక్క క్షణం చూశారు.  అందరికంటే చిన్నవాణ్ణి చంకనెత్తుకుని, మిగతావాళ్ళని ముందుకి తోలుతూ గట్టెక్కించారు. నా చెయ్యి పట్టి లాగింది మనవరాలే. సగం గట్టులో ఉండగా మట్టివాసనతో చల్లటి గాలి కొట్టింది. వెనక లారీలు వరసగా వస్తున్నట్టు మోత. తిరిగి చూసేసరికి నీరు. నీరు అనడానికి కూడా వీల్లేదు. ఎర్రటి బురద, రాళ్ళూ తుప్పలూ కలిసి మనిషెత్తున దొర్లుకుంటూ వచ్చింది. మేము నిలబడ్డ చోటు లేదు. కుర్చీ ఒక్కసారి పైకి లేచి కనబడింది, అంతే. కిరీటం, గొడుగు, పరుగులో జారిపోయిన నా సవరం అన్నీ సముద్రానికి పోయాయి. ఏ చేపకో గడ్డం వచ్చి ఉంటుందని తరవాత ఎప్పుడో నవ్వుకున్నాం. ఆ పూట నవ్వలేదు. పిల్లల తలలు లెక్కపెట్టుకుంటూ ఆయన గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. అందరూ ఉన్నారని నేను చెబుతున్నా మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే ఆయన ప్రతి ఫ్లాటుకీ వెళ్ళారు. నేను వెంట వెళ్ళాను. తలుపు తీయగానే ఒకటే మాట. "తప్పు నాది. వరదంటే నాకు తెలుసనుకున్నాను. ఈ వాగు నాకు తెలియదు. మీ పిల్లలు బతికింది నా మనవరాలి వల్ల, నా వల్ల కాదు." ఎదురు ఫ్లాటావిడ కొడుకుని గట్టిగా పట్టుకునే ఉంది. "మీరు పెద్దవారు మాస్టారూ, మిమ్మల్ని ఏమనగలం? కానీ పిల్లాణ్ణి మాత్రం ఇంక పంపలేం" అంది. మిగతా గుమ్మాల్లోనూ అదే అర్థం, మాటలు వేరు.

ఇంట్లో మా అల్లుడు అరవలేదు. అరిచినా బాగుండేది. "నాన్నా, ఇంక క్లాసులు వద్దు. వయసైంది. పిల్లల వెనక పరిగెత్తాల్సొస్తే మీ వల్ల కాదు. ఇంట్లో ఉండండి" అన్నాడు. ఆయన "సరే" అన్నారు.

ఉద్యోగం పోయాక, భార్య పోయాక, ఊరు వదిలి వచ్చాక, ఆయనకంటూ మిగిలింది ఆ శుక్రవారం కొలువే. అదీ పోయింది. మిగిలింది తలుపు నుంచి బాల్కనీకి ఉన్న దూరం. ఆ నెలల్లో ఆ నడక నేను వినలేకపోయేదాన్ని. అడుగు అడుగుకీ మధ్య ఇదివరకు మాటలుండేవి, ఇప్పుడు అడుగులే. కింది అంతస్తువాళ్ళు "పైన ఏదైనా మిషను పెట్టారా?" అని అడిగారు. కూచోబెడదామని చింతపండు పళ్ళెంలో పోసి పిక్కలు తియ్యమని ఇచ్చాను. పళ్ళెం చేత్తో పట్టుకుని నడుస్తూ తీశారు. ఇల్లంతా పిక్కలు.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "జరిగిందేదో జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మీ రాజులకీ ఏదో ఒక ఏడు వరద లెక్క తప్పే ఉంటుంది. వాళ్ళందరూ ఇలాగే తిరిగారా?"

"వాళ్ళు ఏం చేశారో మనకి తెలియదు చెల్లెమ్మగారూ" అన్నారు. "ఆ గోడల మీద ఓడిన రాజు బొమ్మ ఎక్కడా ఉండదు. అన్ని యుద్ధాలూ గెలిచినవే, అన్ని వరదలూ మంచివే. ఉద్యోగమంతా ఆ గోడలు చదివి పిల్లలకి చెప్పాను. రాజు తప్పు చేస్తే మర్నాడు ఏం చెయ్యాలో ఏ గోడ మీదా లేదు. అది వెతుకుతున్నాను."

నేను గుమ్మం పక్కన ఇంకా మిగిలిన చింతపిక్కలు ఏరుకున్నాను. 

జవాబు భోజనాల దగ్గర దొరికింది. పెరుగన్నం కలుపుకుంటూ మా మనవరాలు తండ్రిని అడిగింది.

"డాడీ, తాతయ్య పరిగెత్తలేరనే కదా క్లాసు ఆపావు?"

"ఊఁ."

"పరిగెడితే?"

"ఏంటే?"

"పరిగెడితే మళ్ళీ పెట్టుకోవచ్చా?"

"సరే, చూద్దాంలే" అన్నాడు వాళ్ళ నాన్న. తెలుగు తండ్రులు 'చూద్దాం' అంటే కుదరదని అర్థం. ఆ పిల్ల మస్కట్ పిల్ల, ఆ భాష రాదు. ఒప్పందం అయిందనుకుని చెయ్యి కడుక్కుంది.

తరవాత నా గదిలోకి వచ్చి విషయం చెప్పింది. ఈజిప్టులో రాజు ముప్పై ఏళ్ళు ఏలాక ఒక పండగ చేసేవారట. ముసలి రాజు జనం చూస్తుండగా రెండు గుర్తుల మధ్య పరిగెత్తాలట. దేశాన్ని మోసే సత్తువ ఇంకా కాళ్ళలో ఉందని చూపించుకుంటే మళ్ళీ కొత్తగా రాజు. ఈ సంగతి వాగులో ఆయనే చెప్పారట. "అమ్మమ్మా, నన్నింకా ఎవరూ దింపలేదు. నా తరవాత ఫరోని చెయ్యకుండానే నీళ్ళొచ్చేశాయి. కాబట్టి ఆజ్ఞ నేనే ఇవ్వచ్చు" అంది. న్యాయశాస్త్రం ప్రకారం తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు.

చివరికి ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, నా వయసులో సస్పెన్సు పడదు. క్లాసు మళ్ళీ మొదలైంది. వాగులో కాదు, మేడ మీద. నేను విజయవాడ తిరిగొచ్చేదాకా నడిచింది, ఆ తరవాత కూడా కొన్నాళ్ళు నడిచిందట. కొత్తగా చేరిన పిల్లలకి ఆయన మొదటి పాఠంగా పిరమిడ్లు చెప్పేవారు కాదు. పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్ళి వాగు చూపించి, "ఇక్కడ నేనొక తప్పు చేశాను" అని మొదలుపెట్టేవారు. ఇప్పుడు ఆ పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళలో ఎవరి చేతికైనా ఎప్పుడైనా కాస్త అధికారం వస్తే, ఆ మొదటి పాఠం గుర్తుండాలని నా ఆశ. ఎంతమందికి ఉంటుందో చెప్పలేను. బళ్ళో నేను చెప్పినవే ఎవరికీ గుర్తులేవు.

నా కళ్ళ ముందు నుంచి పోనిది మటుకు మనవరాలి ఆజ్ఞ అమలైన శుక్రవారమే. మేడ మీద నీళ్ళ ట్యాంకులు రెండు, ఆ చివరొకటి ఈ చివరొకటి. వాటి మధ్య పరుగు. పిల్లలు చాటుగా తల్లుల్ని కూడా పోగేశారు. ఎదురు ఫ్లాటావిడ చేతులు కట్టుకుని డిష్ యాంటెన్నా పక్కన నిలబడింది. ఆయన పంచె ఎగగట్టి, కాన్వాస్ బూట్లు తొడుక్కున్నారు. "అన్నయ్యగారూ, గుండె జాగ్రత్త" అన్నాను. "రాజాజ్ఞ చెల్లెమ్మగారూ, నేనేం చెయ్యను" అన్నారు. చాలా నెలల తరవాత కళ్ళలో ఆ నవ్వు.

పరిగెత్తారు. పరుగని పిల్లలు అన్నారు, నేనైతే గబగబా నడక అంటాను. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి పరుగే అయింది. మేడ అదిరి మా అల్లుడికి మెలకువ వచ్చినట్టుంది. లుంగీతో, చెదిరిన జుట్టుతో మెట్లెక్కి వచ్చి, "నాన్నా! ఏంటిది? ఆగండి!" అని కేకేశాడు. ఆయన ఆగలేదు. పట్టుకుని ఆపుదామని వెనకబడ్డాడు. పట్టుకోవాలంటే పరిగెత్తాలి కదా. అందుకోవడానికి చెయ్యి చాపాడు, ట్యాంకు దగ్గర ఆయన టక్కున మలుపు తిరిగారు. పిల్లలు ఈలలు వేశారు. ఇతనూ మలుపు తిరిగాడు. తరవాతి చుట్టులో పక్కకి వచ్చేశాడు. ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఆపడానికే పట్టుకున్నాడని నేననుకున్నాను. ఆపలేదు. లుంగీ ఒక చేత్తో పైకి పట్టుకుని, తండ్రి అడుగుకి తన అడుగు తగ్గించుకుంటూ పక్కనే పరిగెత్తాడు. ఇద్దరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, ఆయాసమో నవ్వో నాకు తెలియలేదు.

మా మనవరాలు ట్యాంకు మీది నుంచి చెయ్యెత్తి, "చాలు! చాలు, ఆగండి! ఇది ఆజ్ఞ!" అని అరుస్తోంది. ఇద్దరిలో ఒక్కరూ వినడం లేదు.